రాత్రిళ్లు ఎందుకు ఉక్కపోస్తాయి

ఒకప్పుడు, అంటే మనుషులకు సన్మానాల పిచ్చి ఇంకా పట్టని రోజుల్లో, ఎండాకాలంలో కూడా రాత్రిళ్లు చల్లగా ఉండేవి. పగలంతా సూర్యుడు భూమి మీద వేడి కుమ్మరించేవాడు. పొద్దుగూకగానే రాత్రి వచ్చి, ఆ వేడిని గంపకెత్తుకుని, దూరంగా ఆకాశంలో పారబోసేది.

భూమి ఒంటిమీద పల్చటి గాలి దుప్పటి ఒకటి ఉండేది. అది కాస్త వేడిని మాత్రం పోనివ్వకుండా ఉంచేది. అదీ లేకపోతే భూమి చలికి బిగుసుకుపోయేదే.

రాత్రికి పిల్లల్లేరు. అక్క భూమి కూతురు మంచుపిల్లంటే దానికి ప్రాణం. కొండ కొమ్మున పడుకునే ఆ పిల్లని పగలు ఎండ కొంచెం కరిగించేది. రాత్రి వచ్చి ఒళ్లంతా నిమిరి, కరిగినదంతా మళ్లీ గడ్డకట్టించేది.

ఇలా ఉండగా గవర్రాజు అనే పెద్దమనిషికి నేల కింద బొగ్గు దొరికింది. తవ్వాడు, కాల్చాడు, బట్టీలు పెట్టాడు, బాగుపడ్డాడు. బాగుపడ్డవాడు ఊరికే ఉంటాడా? భూదేవికి సన్మానం చేస్తానన్నాడు. బట్టీ పొగలోంచి కంటికి కనపడని పోగులు తీయించి, శాలువా నేయించి, చప్పట్ల మధ్య భూమి భుజాల మీద కప్పాడు.

"తల్లీ, నీ చలవవల్లే ఇంతవాళ్లమయ్యాం!" అని గొంతు చించుకున్నాడు. భూమి మురిసిపోయింది.

ఒకడు కప్పాక రెండోవాడు ఆగుతాడా? పక్క ఊరి పెద్ద ఇంకా మందపాటి శాలువా తెచ్చాడు. అతని బావమరిది అంతకన్నా మందపాటిది తెచ్చాడు. కప్పేవాళ్లే గానీ తీసేవాడు ఒక్కడూ లేడు. తీస్తే కప్పినవాడికి అవమానమట!

"రోజూ కాసిని పోగులు మేం లాగి తినేస్తాం లెండి" అన్నాయి చెట్లు. ఆ చెట్లనే కొట్టి సన్మాన వేదిక కట్టారు. అంత తెలివైనవాళ్లు!

ఓ సాయంత్రం, రాత్రి ఎప్పట్లాగే గంప పట్టుకుని వచ్చింది. సూర్యుడి వెలుగు శాలువాల్లోంచి దూరి లోపలికి పోయింది గానీ, లోపలి వేడి బయటికి రావడం లేదు. ఎంత తోడినా గంప సగం కూడా నిండలేదు.

"అక్కా, ఒళ్లు కాలిపోతోంది నీకు. ఆ శాలువాలు తీసి అవతల పారెయ్యవే" అంది.

"పిల్లలు ముచ్చటపడి కప్పారే చెల్లీ" అంది భూమి నీరసంగా. "ఇప్పుడు తీద్దామన్నా నా చేతికి ఊడి రావడం లేదు."

రాత్రి నేరుగా గవర్రాజు దగ్గరికి వెళ్లింది. "ఏమయ్యా, జ్వరంతో మూలుగుతున్న తల్లికి శాలువాలు కప్పుతావా? అవతల మంచుపిల్ల కరిగిపోతోంది. ముందు ఆ బట్టీలు ఆర్పు!"

"అలాగేనమ్మా, తప్పకుండా" అన్నాడు గవర్రాజు చేతులు కట్టుకుని. "పెద్దలమంతా ఓసారి కూర్చుని మాట్లాడుకుంటాం."

కూర్చున్నారు. మాట్లాడుకున్నారు. ఒకరినొకరు పొగుడుకున్నారు. కడుపునిండా భోంచేశారు. ఇంత చక్కగా మాట్లాడుకున్నందుకు గుర్తుగా భూమికి ఇంకో శాలువా కప్పారు.

రాత్రికి వాళ్ల మొహాలు చూడాలంటేనే అసహ్యం వేసింది. ఉరుకులు పరుగుల మీద కొండెక్కింది. మంచుపిల్ల అప్పటికే సగమైపోయి ఉంది. రాత్రి గబగబా ఒళ్లు నిమరబోయింది.

"ముట్టుకోకు పిన్నీ" అంది ఆ పిల్ల. "నీ చెయ్యి కాలుతోంది."

రాత్రి చెయ్యి వెనక్కి తీసుకుంది. దాని కళ్లముందే పిల్ల కొంచెం కొంచెంగా నీళ్లయి, ఏట్లోకి జారి, సముద్రం దారి పట్టింది.

అప్పటినుంచే కొండల మీద మంచు ఏటేటా తరిగిపోతోంది, ఎండాకాలం రాత్రిళ్లు ఉక్కపోస్తున్నాయి. గవర్రాజు మనవలు ఆరుబయట మంచాలేసుకుని, విసనకర్రలతో విసురుకుంటూ, "ఏం దిక్కుమాలిన రాత్రిరా ఇది!" అని ఇవాళ్టికీ రాత్రినే తిడుతున్నారు.