వివేకం వారింట మాట్లాడే బూట్లు

ఇది జరిగిపోయిన కాలం కథ కాదు, రాబోయే కాలం కథ. అయినా జరిగిపోయినట్టే చెప్తాను. జరగబోయేదంతా జరగబోతున్నట్టు చెప్పాలంటే నా నోరు నొప్పెడుతుంది. అప్పటికి బూట్లకి మాటలొచ్చాయి. మనుషుల బుర్రలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

సముద్రం పక్కన మెట్టపాలెంలో వివేకం వారని ఒక కుటుంబం. ఇంటి గుమ్మం మీద 'ఇచ్చట తెలివి కలదు' అని పలక వేలాడేది. రాసిన వైపు ఇంట్లోకి ఉండేది. "ఊరందరికీ చూపిస్తే దిష్టి తగలదేటి?" అనేది ముసలమ్మ నూకమ్మ. ఆవిడ కొడుకు సిమ్మన్న, కోడలు అసిరమ్మ, మనవరాలు సూరీడమ్మ. అంతే ఇల్లు.

వాళ్ళకి ఒక నియమం ఉంది. ఎవరు ఏ మాట చెప్పినా దానికి సొంత ముక్క కలపరు, ఉన్న ముక్క తగ్గించరు. ఒకసారి ఎదురింటి ఇల్లాలు సంతకి వెళ్తూ "పాలు పొంగితే పిలవండి" అంది. పాలు పొంగాయి. నలుగురూ గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ పక్క ఊళ్ళో ఉంది. గిన్నె పొయ్యి మీంచి దించమని ఎవరూ చెప్పలేదు. ఇంకేముంది, గిన్నె మాడి బొగ్గయ్యేదాకా గొంతులు పోయేలా పిలుస్తూనే ఉన్నారు.

"మాట నిలబెట్టాం!" అని ఆ రాత్రి పాయసం వండుకున్నారు. ఆ పాలతో కాదు లెండి.

సూరీడమ్మ తెలివంతా కాళ్ళలో ఉంది. ఆ పిల్ల పరిగెడితే కుక్కలు తరమడం మానేసి కూర్చుని చూసేవి. జిల్లా పోటీలో మొదట వచ్చిన పిల్లకి పరుగుల హాస్టల్లో సీటు. మూడు పూటలా తిండి, చదువు, పరుగు. కిందటేడు ఊళ్ళో తలా ఒక సలహా ఇచ్చారు, పిల్ల అన్నీ పాటించింది, మోకాలు గుమ్మడికాయలా వాచింది. ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. ఇక సీటు లేదు.

అందుకని డ్రిల్లు మాస్టారు దాలినాయుడు తిరగని ఆఫీసు లేకుండా తిరిగి, కాళ్ళావేళ్ళా పడి ఒక జత బూట్లు తెచ్చాడు. పాదం ఎలా పడుతోందో, మోకాలి మీద ఎంత బరువు పడుతోందో, ఏ కండ రేపు పట్టేస్తుందో ఇవాళే చెప్పే బూట్లు. మీట నొక్కి సిమ్మన్న చేతిలో పెట్టి, బడికి వేళైందని వెళ్ళిపోయాడు.

బూట్లు తియ్యగా పలికాయి. "నమస్కారం. ముందుగా మీ పరుగు నన్ను గమనించనివ్వండి."

అంతే. సిమ్మన్న బూట్లని కుర్చీలో కూర్చోబెట్టి వీధివైపు తిప్పాడు. సూరీడమ్మ వాటి ముందు నుంచి వట్టి కాళ్ళతో అటూ ఇటూ పరిగెత్తింది.

"పరుగు కనిపించడం లేదు," అన్నాయి బూట్లు.

"పాపం, చత్వారం," అంది నూకమ్మ. తన కళ్ళజోడు తీసి బూట్లకి పెట్టింది.

"పరుగు కనిపించడం లేదు."

"నా జోడు పవరు చాల్లేదు గావాల. ఒరే సిమ్మన్నా, కరణంగారి జోడు అడిగి పట్రా."

సాయంత్రం మాస్టారు వచ్చేసరికి కుర్చీలో బూట్లు, బూట్లకి రెండు జతల కళ్ళజోళ్ళు, వీధిలో రొప్పుతున్న పిల్ల. ఆయన నెత్తి కొట్టుకుని, తనే కూర్చుని పిల్ల కాళ్ళకి బూట్లు తొడిగి లేసులు కట్టాడు.

"సిమ్మన్నా, విను. ఇవాళ్టి నుంచి ఈ పిల్లకి బూటు మాటే మాట. ఊళ్ళో ఎవడి మాటా వినొద్దు. నా మాట కూడా వినొద్దు!"

"తప్పకుండా బాబూ," అన్నాడు సిమ్మన్న.

అక్కడ చేశాడు మాస్టారు తప్పు. ఒళ్ళు మండుతుంది నాకు! ఎంత కోపమొచ్చినా, ఏ మాట ఎవరింట్లో అంటున్నామో చూసుకోవద్దూ?

మర్నాడు సూరీడమ్మ పరిగెత్తింది. బూట్లు అన్నాయి, "ఎడమ కాలి మీద బరువు ఎక్కువ పడుతోంది. రెండు వైపులా సమానం చెయ్యండి."

"కుడివేపు బరువు తక్కువైంది," అన్నాడు సిమ్మన్న. రుబ్బురోలు పొత్రం తెచ్చి పిల్ల కుడి తొడకి కట్టాడు. ఇంకేముంది, పిల్ల ఒక్క అడుగు ముందుకీ మూడడుగులు పక్కకీ పోతూ, రోడ్డు దిగి, కంచె దాటి, ఎవరిదో గడ్డివాములో దూరింది. కాళ్ళు మాత్రమే బయటికి ఉన్నాయి.

ఆ కాళ్ళకున్న బూట్లు పలికాయి. "ఎడమ మోకాలు ఒత్తిడికి గురైంది. ఎడమ కాలికి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వండి."

"అయ్యో నా తల్లి!" అని అసిరమ్మ పరుపు దులిపింది. నులకమంచం మీద పరుపు, పరుపు మీద దిండు, దిండు మీద ఎడమ కాలు. దానికి దుప్పటి కప్పారు. నూకమ్మ విసనకర్ర తీసుకుని జోల పాడింది.

"మరి కుడి కాలు?" అంది సూరీడమ్మ.

సిమ్మన్న గడ్డం గోక్కున్నాడు. "దానికి సెలవివ్వలేదు కదే. అది పరిగెట్టాల."

అంతే. మంచం ఆ కొసన సిమ్మన్న, ఈ కొసన అసిరమ్మ మోశారు. మంచం మీద ఎడమ కాలు పడుకుని ఉంది. పక్కన కుడి కాలి మీద సూరీడమ్మ గెంతుతూ వస్తోంది. వెనక నూకమ్మ విసురుతూ పరుగు. ఊరు ఊరంతా అరుగులెక్కింది.

"ఏటి సిమ్మన్నా, ఎవరికి బాగోలేదు?" అని అడిగింది చేపలమ్మే ఎల్లమ్మ.

"ఎడమ కాలికి. గట్టిగా మాటాడకు, ఇప్పుడే కునుకు పట్టింది."

పాపం ఆ కుడి కాలు అడుగడుగునా మొర్రో అంటూనే ఉంది. సొంత కాలు మొత్తుకుంటే వినరు, బూటు నోరు తెరవాలి! రెండో రోజుకి బూటు నోరు తెరిచింది. "కుడి చీలమండ వాచింది. మంచులో ఉంచండి."

మెట్టపాలెంలో మంచు ఎక్కడుంది? ఎల్లమ్మ చేపల పెట్టెలో ఉంది. ఆవిడ ఆటో ఆగి ఉంది, ఆవిడ టీ తాగుతోంది. సూరీడమ్మ వెనక ఎక్కి, బూటు విప్పి, కాలు చేపల మధ్య మంచులోకి దూర్చి కూర్చుంది. ఆటో కదిలింది. మంచులోంచి తీయమని బూటు చెప్పలేదు కాబట్టి పిల్ల తియ్యలేదు, దిగలేదు. పట్నం బజార్లో కళ్ళు సరిగా ఆనని ఒక పెద్దాయన పెట్టెలో చెయ్యి పెట్టి పాదం పట్టుకున్నాడు.

"ఎల్లమ్మా, ఈ చేపకి వేళ్ళున్నాయేటే?"

"గోళ్ళు కూడా ఉన్నాయి తాతా," అంది సూరీడమ్మ.

పెద్దాయన ఆ రోజు నుంచి కూరగాయలకి మారాడు.

పెట్టెలో మంచంతా కరిగిపోయాక, అదే ఆటోలో పిల్ల ఇంటికి చేరేసరికి బూట్లు ఇంకోటి చెప్పాయి. "రెండు కాళ్ళకీ వారం రోజులు విశ్రాంతి."

ఈసారి రెండు కాళ్ళూ మంచమెక్కాయి. చేతులకి విశ్రాంతి చెప్పలేదు. అందుకని ఆ వారమంతా పిల్ల మంచం మీద బోర్లా పడుకుని, చేతులు కిందికి వేలాడేసి గిన్నెలు తోమింది, బియ్యం ఏరింది, పిడకలు కూడా చేసింది. అయితే విచిత్రం చూడండి. వారం తిరిగేసరికి రెండు కాళ్ళూ నిజంగానే బాగుపడ్డాయి. వెధవ పని వందసార్లు చేస్తే ఒకసారి మంచి జరుగుతుంది. దాన్నే వాళ్ళు తెలివి అంటారు.

పోటీ రోజు వచ్చింది. పొద్దున్నే బూట్ల మీద ఎర్ర దీపం వెలిగింది.

"బొట్టు పెట్టుకున్నాయి! శుభం!" అని నూకమ్మ దణ్ణం పెట్టింది. అది ఛార్జి అయిపోతోందన్న గుర్తు. ఎవరు చెప్పారు గనక వాళ్ళకి?

జిల్లా మైదానం గుండ్రంగా ఉంది, సముద్రం గాలి ఈడ్చి కొడుతోంది. తుపాకీ పేలింది. సూరీడమ్మ రివ్వున అందరికంటే ముందుకి పోయింది. మాస్టారు ఎగిరి గంతేశాడు. మలుపు తిరగ్గానే గాలి మొహాన కొట్టింది. బూట్లు అన్నాయి, "ఎదురుగాలి. శక్తి దాచుకోండి. మిగిలిన వాళ్ళ వెనక ఉండండి."

మిగిలిన వాళ్ళంటే అందరూ కదా. పిల్ల ఆగింది. పోతున్న వాళ్ళందరికీ దారిచ్చింది. అందరికంటే ఆఖరున ఒక బొద్దు పిల్ల ఆయాసపడుతూ వస్తోంది.

"రా చెల్లీ, నువ్వు ముందెళ్ళు. నీ వెనకుండాల నేను."

"నేనే ఆఖరక్కా!"

"కాదులే, ఇప్పుడు నేను."

"పరిగెట్టవే!" అని మాస్టారు గొంతు చించుకున్నాడు.

"మీ మాట వినొద్దన్నారు కదా మాస్టారూ!" అని పిల్ల మర్యాదగా బదులిచ్చింది.

మైదానం అవతలి వైపుకి వచ్చేసరికి గాలి వెనక్కి మళ్ళింది. "వెనకగాలి. ఇక అందర్నీ దాటండి," అన్నాయి బూట్లు. దాటింది. మళ్ళీ ఎదురుగాలి, మళ్ళీ అందరి వెనక్కి. మళ్ళీ వెనకగాలి, మళ్ళీ ముందుకి. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగాయి. మాస్టారు కళ్ళు మూసుకుని కూలబడ్డాడు.

చివరి గీత ఎటువైపు గీశారో తెలుసా? వెనకగాలి వైపు. అటువైపు గీసినవాడి చేతులు చల్లగుండాలి! సూరీడమ్మ ఆఖరు నుంచి బాణంలా వచ్చి, అందర్నీ దాటి, గీత మీంచి మొదట దూకింది. మాస్టారు కళ్ళు తెరిచి భోరుమన్నాడు, సంతోషంతో.

కథ అక్కడ ఆగితే బాగుండేది. బూట్లు ఆగనివ్వలేదు. "వెంటనే ఆగిపోతే కండరాలు పట్టేస్తాయి. నేను ఆగమనేదాకా నెమ్మదిగా నడుస్తూ ఉండండి."

ఎర్ర దీపం ఆరిపోయింది. ఛార్జి అయిపోయింది.

ఇంకేముంది! సూరీడమ్మ నడిచింది. ఆడపిల్లని ఒంటరిగా పంపుతారా? వెనక సిమ్మన్న, అసిరమ్మ, విసురుతూ నూకమ్మ. గేటు దాటారు. మైకులో "వివేకం సూరీడమ్మ, వేదిక మీదకి రావాలి" అని పిలిచారు. నలుగురూ బస్టాండు దాటారు. "సూరీడమ్మ రాకపోతే సీటు రెండో పిల్లకి ఇచ్చేస్తాం" అన్నారు. నలుగురూ పెద్ద రోడ్డెక్కారు.

మాస్టారు పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. "ఆగవే తల్లీ! సీటు పోతుంది!"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నడక మాత్రం ఆపలేదు. "నాకూ ఆగాలనే ఉంది మాస్టారూ. బూటు ఆగమనలేదు."

"నేను చెప్తున్నాను, ఆగు!"

సిమ్మన్న చిరాకుపడ్డాడు. "బాబూ, చదువుకున్నోరు, మీకు తెలీదా? మీరు బూటా?"

మాస్టారు నలువైపులా చూశాడు. ఆయన కాళ్ళకి ఉన్నవి రబ్బరు స్లిప్పర్లు. నాలుగు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు, నల్లటి బూట్లతో. మాస్టారు వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు. కానిస్టేబుల్ కంగారుపడి "లేవండి పెద్దాయనా" అనేలోపు ఒక బూటు ఊడదీసుకుని పరుగు. దాన్ని మూతికి అడ్డం పెట్టుకుని, గొంతు తియ్యగా చేసి అన్నాడు.

"ఆగండి!"

నలుగురూ ఠక్కున ఆగారు. లేచిన కాళ్ళు లేచినట్టే ఉన్నాయి.

"వెనక్కి రండి! త్వరగా!"

మొహాలు తిప్పమని బూటు చెప్పలేదు. అందుకని నలుగురూ వీపు ముందు పెట్టుకుని వెనక్కి నడిచారు. బస్టాండు దాటారు, గేటు దాటారు, వేదిక మెట్లెక్కారు. రెండో పిల్ల మెడలో వెయ్యబోతున్న పతకాన్ని ఆపి, అధికారి గారు అది సూరీడమ్మ మెడలో వేశారు. అది వీపు మీద వేలాడింది. సీటు దక్కింది.

"పిల్లని రేపే హాస్టల్‌కి పంపండి," అని మాస్టారు ముందుజాగ్రత్తగా బూట్లోంచే చెప్పాడు. మర్నాడే పంపారు.

వెళ్ళేముందు ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికొచ్చింది. ఆ తెల్ల బూట్లు మూగబోయాయి, పనికిరావు, మాస్టారికి తిరిగిచ్చేద్దాం. ఆపదలో ఆదుకున్నది నల్ల బూటు. దాని గొంతు కూడా తియ్యగా ఉంది. తెల్ల బూట్లు మాస్టారి చేతిలో పెట్టి, నల్లదాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

అప్పట్నుంచి కానిస్టేబుల్ కూడలిలో ఒక బూటుతో కుంటుతూ వెతుక్కుంటున్నాడు. ఆ రెండో బూటు మెట్టపాలెంలో, కుర్చీలో పరుపు మీద కూర్చుని ఉంది. ముందు ముగ్గురూ చేతులు కట్టుకుని ఉన్నారు.

"ఇంకా ఏటీ అనలేదేటమ్మా?" అని అడిగాడు సిమ్మన్న.

"ఊరుకోరా, గవర్నమెంటు బూటు. ఆలోచించి గాని నోరిప్పదు," అని నూకమ్మ తన కళ్ళజోడు తీసి జాగ్రత్తగా దానికి పెట్టింది.