కింది నుంచి పైకి

ఉపశాంత అని పిలిస్తే ఆమె వెంటనే పలికేది కాదు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని తన పని తను చేసుకుపోయేది. గోదావరి పక్క కొండ మీదున్న భిక్షుణుల ఆరామానికి వచ్చినప్పుడు పెద్దవాళ్లు పెట్టిన పేరది. కొత్త పేరు, కావి బట్ట, బోడిగుండు, మూడూ ఒక్కరోజే వచ్చాయి. ఇన్నాళ్లకీ గుండు ఒక్కటే అలవాటైంది.

వానలకు ముందొచ్చే పున్నమికి ఆమెకు పూర్తి దీక్ష. ఆ రోజు సంఘం ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. అన్నిటికంటే సులువైనది మొదటిది: నీ పేరేమిటి. జవాబులు నేర్పే బాధ్యత సిద్ధ అనే పెద్ద భిక్షుణిది. సిద్ధ ఎన్నిసార్లు అడిగినా ఆమె నోట ఒకే మాట జారేది.

"మంగి వాళ్లమ్మని."

చిన్న భిక్షుణులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. ఆమె మాత్రం ఏం చేస్తుంది? పుట్టింట్లో గంగన్న కూతురు. అత్తింట్లో కుమ్మరి పోలయ్య పెళ్లాం. మంగి పుట్టాకే కుమ్మరి వీధంతా ఆమెను కాస్త ప్రేమగా పిలిచింది. ఆమె తనదనుకున్న పేరు అదొక్కటే.

మంగి అయిదో ఏట జ్వరంతో పోయింది. ఏడాది తిరక్కుండా పోలయ్య ఇంకొకామెను తెచ్చుకున్నాడు. కుండలు చేసే సారె ఆగకూడదు కదా, మన్ను తొక్కడానికి కాళ్లు కావాలి.

మంగికి ఒక అలవాటుండేది. తడి కుండ కనిపిస్తే చాలు, అంచు మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కి పరిగెత్తేది. తండ్రి తిడుతూ దాన్ని చదును చేసేవాడు. ఒక్క కుండ మాత్రం అతని కన్ను తప్పించుకుని కుండలు కాల్చే ఆవంలోకి వెళ్లింది. ఎర్రగా కాలి వచ్చింది. పిల్ల పోయాక తల్లి దానికోసం వెతికితే, సంతలో అమ్మేశానన్నాడు. ఎవరికి అంటే, కుండ కొన్నవాళ్ల ఊరూ పేరూ ఎవడు అడుగుతాడన్నాడు.

అప్పటినుంచీ ఏ ఊళ్లో ఏ కుండ కనిపించినా ఆమె చెయ్యి అంచు మీదికి పోతుంది.

"భిక్షకు వెళ్లినప్పుడు గడప ముందు తలవంచుకుని నిలబడాలి" అంది సిద్ధ. "నువ్వు ఇంటింటి నీళ్లకుండలూ తడుముతున్నావు. ఆ ఇల్లాళ్లు ఏమనుకుంటారు? పోయినదాన్ని తుడిచేసుకుని రా. పున్నమికి కూడా ఈ జవాబే అయితే నీకు దీక్ష లేదు."

దీక్ష లేనివాళ్లకు వానాకాలం ఆరామంలో చోటు లేదు. కొండ దిగితే ఆమెకున్నది పోలయ్య గడప ఒక్కటే. అక్కడ ఆమె చోట ఇంకొకామె మన్ను తొక్కుతోంది.

కొండకు అటువైపు విహారంలో భిక్షువుల్ని కూడా ఇదే ప్రశ్న అడుగుతారు. ఇంటి దగ్గర పిల్లల్ని వదిలి వచ్చిన మగవాడు మొదటిసారే తడబడకుండా కొత్త పేరు చెబుతాడు. దాన్ని వైరాగ్యం అంటారు.

ఉపశాంత ఆరామానికి పెద్దదిక్కైన థేరి బోధిల దగ్గరికి వెళ్లింది. ముసలామె గుమ్మంలో కూర్చుని బట్టకు పడ్డ చిరుగు కుట్టుకుంటోంది.

"మర్చిపోయే దారి చెప్పమ్మా" అంది ఉపశాంత.

థేరి దారం పంటితో తెంపింది.

"కొత్త గదుల కోసం కొండను నిలువునా కోశారు చూశావా? అక్కడ నల్లరాయికీ నల్లరాయికీ మధ్య తెల్లటి పట్టీ ఒకటుంది. ఉలీ సుత్తీ తీసుకెళ్లి దాన్ని మొత్తం తీసెయ్. అప్పుడు చెబుతాను."

రాతిపనివాళ్లు వానలకు ముందే ఊళ్లకు వెళ్లిపోయారు. కోసిన చోట ఎవరూ లేరు. మూరెడు మందాన తెల్లటి పట్టీ, కింద నల్లరాయి, పైన ఇంకా ఎత్తుగా నల్లరాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉలి ఆనించింది.

నాలుగు దెబ్బలకే తెలిసింది, అది ఉత్త రాయి కాదని. అన్నీ చిప్పలు. నత్త గుల్లలు, ముడుచుకున్న ఆల్చిప్పలు, ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. సున్నం కాల్చేవాళ్లు సముద్రం ఒడ్డు నుంచి బండ్లకెత్తి తెచ్చేవారు. కానీ ఇంత దూరం, ఇంత ఎత్తుకి, రాతి కడుపులోకి వీటిని ఏ బండి మోసుకొచ్చింది?

పట్టీ పై అంచు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఆమెకు తెలుసు. ఆవంలో కాలిన మన్ను ఎరుపు. పైనున్న నల్లరాయి ఒకప్పుడు నిప్పై వచ్చి దీని మీద పడింది. వంగి కింది అంచు చూసింది. అక్కడ ఎరుపు లేదు. పచ్చి మన్నులాగే ఉంది. అంటే అలాగే నిప్పై వచ్చిన కింది రాయి ఎప్పుడో చల్లారింది. చల్లారాక సముద్రం వచ్చింది. ఈ గుల్లలన్నీ పుట్టి, పెరిగి, పిల్లల్ని కని, కొన్నాళ్లు హాయిగా బతికాయి. ఆ తర్వాతే రెండో నిప్పు.

ఎన్నాళ్లు బతికాయో. చాలా ఏళ్లే అయివుండాలి. అయిదేళ్లు మాత్రం కాదు.

ఆమె సుత్తి ఎత్తింది. ఉలి ఎంత లోపలికి దిగినా తెలుపు వస్తూనే ఉంది. మోచేయి పట్టేంత తొర్ర అయ్యేసరికి పైరాయిలో ఎక్కడో చిటుక్కుమంది. మన్ను రాలి గుండు మీద పడింది. ఆమె చెయ్యి ఆగింది.

తొర్ర అంచున చిన్న చిప్ప ఒకటి వదులై అరచేతిలోకి ఊడిపడింది. దాని గుంట మాత్రం రాతిలో ఉండిపోయింది. నున్నగా, లోతుగా, ఒక పక్కకు కొంచెం వాలి. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తన బొటనవేలు అందులో పెట్టింది. వేలు పట్టలేదు. గుంట చిన్నది.

థేరి కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి ఎండ వాలింది. ఉపశాంత అలాగే కూర్చుని ఉంది.

"తీసేశావా?"

"లేదమ్మా. ఇది పోతే పైదంతా కూలుతుంది."

"సిద్ధ తుడిచేసుకు రమ్మందిగా."

ఉపశాంత అరచెయ్యి తెరిచి చూపింది. థేరి ఆయాసపడుతూ పక్కన కూర్చుంది. ఆమె చేతిలోని చిప్పను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమిటిది?"

"సముద్రపు చిప్ప."

"సముద్రం ఎక్కడో ఉంది కదా. ఇక్కడుండేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇది ఉంది."

థేరి తలూపి చిప్పను తిరిగి ఇచ్చింది. ఉపశాంత దాన్ని గుంటలో పెట్టి నొక్కింది. అది తన చోట కుదురుగా కూర్చుంది. తర్వాత ముసలామెకు చెయ్యి అందించి లేపింది. ఇద్దరూ పైకి నడిచారు. మర్చిపోయే దారి గురించి ఉపశాంత మళ్లీ అడగలేదు. థేరి చెప్పనూ లేదు.

పున్నమినాడు సంఘం కూర్చుంది. ఉపశాంత మధ్యలో మోకాళ్ల మీద ఉంది. సిద్ధ గొంతు సరిచేసుకుంది.

"నీ పేరేమిటి?"

"ఉపశాంత."

సిద్ధ ముఖం విప్పారింది. కానీ జవాబు అక్కడ ఆగలేదు.

"మంగి వాళ్లమ్మని."

నవ్వబోయిన చిన్న భిక్షుణులు సిద్ధను చూసి ఊరుకున్నారు. సిద్ధ థేరి వైపు తిరిగింది, ఇక మీరే చెప్పండన్నట్టు. థేరి కళ్లు మూసుకునే ఉంది.

"తలకిందులుగా చెబుతున్నావు పిల్లా" అంది. "కింది నుంచి పైకి చెప్పు."

ఉపశాంత ఊపిరి తీసుకుంది.

"గంగన్న కూతుర్ని. పోలయ్య పెళ్లాన్ని. మంగి వాళ్లమ్మని."

ఆ మాట తర్వాత ఆమె బొటనవేలు నేలకు ఆనించి నొక్కింది.

"ఉపశాంతని."

థేరి కళ్లు తెరిచింది.

"రెండో ప్రశ్న అడుగు సిద్ధా."

సిద్ధ నోరు తెరిచింది. ఆమె కూడా తన పాత పేర్ల వెంట ఎక్కడో కిందికి దిగిపోయినట్టుంది. పైకి రావడానికి చాలాసేపు పట్టింది.