సువార్తమ్మ మూసిన ఆవము

చేతులు కడుగుకొని అందరును నడిమి గోడకు ఎదురుగా కూర్చుండుడి. దీపము ముట్టించితిమి, పాట పాడితిమి, ఇక కథ వినవలెను. పాయసము మాడునేమోనని మాటిమాటికి లేచువారు ముందే దించి రండు. సగము కథ విన్నవారికి సగము పాయసమే.

పూర్వమొకప్పుడు గోదావరి లంకలలో తిరుగుచు వాక్యము చెప్పు రత్నస్వామియను ఉపదేశి, వృద్ధుడైన జ్ఞానాభరణము అయ్యగారి యొద్దకు వచ్చి యిట్లడిగెను. అయ్యా, విశ్వాసము విశ్వాసమని ప్రతి ఆదివారము చెప్పుచున్నాను గాని, అది యెట్టిదని ఒక ముసలమ్మ నిలదీయగా మీ యొద్దకు పరుగెత్తి వచ్చితిని. సంసారులు దానిని ఏ రీతిగా ఆచరింపవలెను, ఆచరించినవారికి ఏమి కలుగును, సెలవిండు అనెను. అయ్యగారు సంతోషించి, ఇటుకలు కాల్చిన ఇల్లాలి కథ చెప్పెదను వినుమనెను.

ఒక లంకలో ఆశీర్వాదమను ఇటుకల పనివాడును, అతని భార్య సువార్తమ్మయు ఉండిరి. ఒక యేట గోదావరి పొంగి వారి మట్టియిల్లు కొట్టుకొనిపోయెను. పిల్లలతో బడి అరుగుమీద తల దాచుకొనిరి. మరల వరద వచ్చులోగా ఇల్లు లేవనియెడల లంక విడిచి, ఎరిగినవారెవ్వరును లేని పట్టణమునకు పోవలసినదే. కాబట్టి సొంతముగా ఒక ఆవము కాల్చి, ఆ ఇటుకలతో ఇల్లు కట్టుకొనవలెనని నిశ్చయించిరి.

ఆవమనగా ఏమో తెలియని పిల్లలు వినుడి. పచ్చి ఇటుకలు గుట్టగా పేర్చి, నడుమ ఊకయు కట్టెలును పెట్టి, నిప్పంటించి, చుట్టును బురద మెత్తి మూసివేయుదురు. ఆ మీదట లోపల ఏమి జరుగుచున్నదో మూసినవానికైనను కనబడదు. తనంతట చల్లారి, గోడమీద అరచేయి ఆనించి నిలుపగలిగినప్పుడే తెరువవలెను. తొందరపడి తెరచిరా, చలిగాలి సోకి ఇటుకలు పగులును.

సువార్తమ్మ ఆ బురదగోడమీద చేయి పెట్టి, ప్రభువా, మేము మూసితిమి, చల్లారువరకు తెరువము, ఇక నీ చేతిలోనిదని మొక్కుకొనెను. ఆశీర్వాదము ఆమేన్ అనెను. అనుట సులువే గదా! కొన్నాళ్లకే అతనికి కాలు నిలువదాయెను. భార్య నీళ్లకు పోయిన వేళ గునపముతో చిన్న కన్నము చేసి చూచెను. లోపల ఎర్రగా కనబడగా మురిసిపోయెను. ఆ కన్నముగుండ గాలి దూరి, తెరచునప్పటికి ఇటుకలన్నియు బీటలు వారి యుండెను.

“కూసింత సూత్తే ఏం పోద్దిలే అనుకున్నానే” అని అతడు తల వంచుకొనెను.

“ఇల్లే పోయింది కదా మావా!” అని ఆమె గొల్లుమనెను.

మరల మట్టి తొక్కి, కొయ్య అచ్చులో ఇటుకలు పోసి, రెండవ ఆవము పేర్చిరి. ఈసారి సువార్తమ్మ ఉపవాసముండెను, లంకవారిని పిలిచి ప్రార్థన పెట్టించెను, పెనిమిటిని ఆ దరికి రానీయక తానే కాపలా కాచెను. అయినను మనసులో పురుగు తొలుచుచుండెను. దేవుడు వినెనో లేదో తెలిసికొనవలెనని, మూలనున్న ఒక్క ఇటుకను లాగి చూచెను. ఆ మూలనుండియే ఆవమంతయు చెడెను. మొదట మగనిమీద గొల్లుమన్న నోరు గనుక, ఈసారి ఎవరిని తిట్టవలెనో తెలియక తానే మట్టి తొక్క దిగెను.

మూడవమారు ఆవము పేర్చునప్పటికి ఎండలు ముదిరెను. ఆశీర్వాదము తమ్ముని భార్య దీనమ్మ, మగడు లేనిది, ఆమె ఇల్లును అదే వరదలో పోయెను. ఆమెయు ప్రక్కనే తన ఆవము పేర్చుకొనెను. తోడికోడండ్రిద్దరును ఒకేనాడు నిప్పంటించి, ఒకే మొక్కు మొక్కిరి. అంతలో కాని కాలపు వాన పట్టుకొనెను. ఇద్దరును పరుగున తాటాకులు కప్పగలిగినంత కప్పిరి. ఆశీర్వాదము గునపము తెచ్చెను.

“తీసేద్దారే, కాలినయ్యన్నా దక్కుతాయి!”

సువార్తమ్మ అడ్డముగా నిలిచి, “మెత్తేదాకా మన పని. లోపల కాల్చేది మనం కాదు మావా. గునపం పారెయ్” అనెను. ఇటుకలు దక్కునని ఆమెకు తెలిసి కాదు. అయినను అడ్డు తొలగలేదు. దీనమ్మయు తన ఆవమును తాకలేదు.

చల్లారిన పిమ్మట తెరచిరి. సువార్తమ్మ ఇటుకలు ఎర్రగా కాలి, తట్టిన ఖంగుమనెను. ఒక ఇంటికి సరిగా సరిపోవును. ఇంతవరకు విని రత్నస్వామి, తెలిసెనయ్యా, తెరువనివారికి ఇల్లు కలుగునన్నమాట అని లేవబోయెను. కూర్చుండుమయ్యా, కథ అయిపోలేదని అయ్యగారు కసరెను.

దీనమ్మ ఆవము పల్లమున నుండుటచేత క్రిందినుండి నీరు ఎక్కి, లోపలనున్నదంతయు బురదయై యుండెను. మరి ఆమె విశ్వాసములో లోపమేమని రత్నస్వామి అడిగెను. ఏమియు లేదు, ఆమె ఒక్కమారును తెరచి చూచినది కాదని అయ్యగారు చెప్పెను.

దీనమ్మ ఆ బురదలో చతికిలబడి, “నీకు మనసెట్టా ఒప్పింది ప్రభువా? నేనేం తప్పు చేశాను?” అని గుండెలు బాదుకొనెను. ఏడ్చి ఏడ్చి లేచి, అచ్చును కాలువలో కడిగి ఎండబెట్టెను.

“మళ్లీ ఇటుకలు పోత్తావా?” అని సువార్తమ్మ అడిగెను.

“పొయ్యక? ఆయన్నొదిలేసి ఎక్కడికెల్లనక్కా?”

సువార్తమ్మకు తన ఇటుకలు చూచుకొన సిగ్గు కలిగెను. “అచ్చు అవతల పెట్టు దీనమ్మా. సగం నీయి” అనెను.

ఆశీర్వాదము నెత్తి కొట్టుకొని, “సగం ఇటుకలతో ఇల్లెట్టా లేత్తాదే?” అనెను.

“నాకూ తెలవదు మావా. మొదలెడదారి.”

రెండిండ్లకు నడుమ గోడ ఒక్కటే వేసిరి. నాలుగు ప్రక్కల మొలబంటి వరకు ఇటుక, ఆపైన మట్టి, తాటాకు కప్పు. ఆ యేటి వరద ఇటుకల దాక వచ్చి తీసెను. ఇండ్లు నిలిచెను. ఎవరును లంక విడువలేదు.

చల్లారువరకు తెరువమను ఈ మొక్కును రోగి ప్రక్కన కూర్చున్నవారు, దూరదేశమునుండి కబురు రానివారు, విత్తనము వేసి ఆకాశము చూచువారు, ఒకమారు కన్నము చేసి చెడినవారు సయితము ఆచరింపవలెను. ఫలమేమందురా? ఇటుకలు కాలునని నేను చెప్పజాలను. ఇటుకలు కాలినవారు కాలనివారికి సగమిత్తురు, కాలనివారు అచ్చు కడుగుకొందురు. ఇంతకు మించి అయ్యగారును చెప్పలేదు.

ఇది సువార్తమ్మ ఇల్లే, ఆ నడిమి గోడ ఇదే. లేచి అరచేతులు ఆనించుడి. దీనమ్మ వంశమువారును ఈ వేళకు ఇదే కథ విని, ఆవలిప్రక్కనుండి చేతులు పెట్టుచున్నారు. పాయసము మొదటి గిన్నె వారింటికి పంపి, తరువాత మనము తిందము.