కదలని కడలి, కుదురులేని దీవి

ఒకప్పుడు సముద్రం కదిలేది కాదు.

నవ్వకండి, నిజం! కెరటం లేదు, నురగ లేదు, హోరు లేదు. తోడుపెట్టిన పాలలాగా గంగమ్మ తల్లి అలా నిశ్చలంగా పడుకుని ఉండేది. ఆ తల్లికి ఓ దణ్ణం పెట్టుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని వినండి.

మరి కదిలేదెవరు? దీవులు! ఇప్పుడు బండరాళ్ళలా కూర్చున్న దీవులన్నీ అప్పట్లో బాతుల్లా ఈదేవి. కొండల్నీ కొబ్బరిచెట్లనీ వీపునేసుకుని ఇష్టమొచ్చిన చోటికి పోయేవి.

వాటిలో ఓ చిన్న దీవి ఉండేది. దానికి అసలు కుదురే లేదు. చేపలు దాన్ని బొంగరం అని పిలిచేవి.

రెండు పొద్దులు ఒకచోట ఉంటే చాలు, బొంగరానికి ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. "కాస్త అలా వెళ్ళొద్దామా?" అనేది. ఎవర్ని అడిగేదో, ఎవరు సరేననేవారో తెలీదు. అప్పటికే బయల్దేరిపోయేది.

పెద్ద కోరికలేం కావు పాపం. అన్నీ చిన్న చిన్న ముచ్చట్లే. తూర్పున లవంగాల గాలి వీస్తోంది, ఒక్కసారి గుండెనిండా పీల్చుకోవాలి. పడమట వేడినీళ్ళ ఊట ఉంది, ఒక్కసారి కాళ్ళు నానబెట్టుకోవాలి. నడిమధ్యన ఓ లావుపాటి మబ్బుంది, దాని కింద ఒక్కసారి తలంటు పోసుకోవాలి. ఒక్కసారి, ఒక్కసారి అంటూనే ఏడాదంతా తిరిగేది.

ఆ దీవి మీద అసిరమ్మ అనే ముసలామె ఒక్కతే ఉండేది. తాటాకు గుడిసె, ఓ చేతివల, ఎండబెట్టుకునే నాలుగు చేపలు, అదే ఆమె సంసారం. పొద్దున్నే ఎండ చూసి చేపలు ఆరేసేది. మధ్యాహ్నానికల్లా బొంగరం వెళ్ళి వాన కింద నిలబడేది.

"ఓలే గుంటా! నీ తలంటు తగలెయ్యా! నా సేపలన్నీ నానిపోనాయే!"

"అయ్యో అత్తా, చూసుకోలేదు! ఉండు, ఎండలోకి తీసుకుపోతా."

"ఒద్దే తల్లీ, కూకో! ఒక్క పూట కూకుంటే నీ సొమ్మేటి పోద్ది?"

కూర్చోవడమా! బొంగరం అప్పటికే మలుపు తిరిగింది.

నీళ్ళ అడుగున ఉన్నవాళ్ళ బాధ ఇంకా పెద్దది. అక్కడ పగడపు పురుగులు ఉండేవి. ఒక్కోటి ఆవగింజంత. వాటి మేస్త్రి పేరు సింహాద్రి. చూస్తే ఆవగింజ, పేరు మాత్రం కొండంత! రాత్రనక పగలనక ఆ పురుగులన్నీ కలిసి ఎర్రటి గోడలు, పచ్చటి మేడలు, ఊదారంగు కొమ్మలు కట్టేవి. వాటిలో చేపపిల్లలు కాపురముండేవి. వేలెడు గోడ లేవాలంటే ఏళ్ళు పట్టేది. బొంగరం అటుగా పోతూ పొట్ట రాసుకుందంటే ఫెళఫెళా విరిగి, వందేళ్ళ పని పొడి అయిపోయేది. విరిగిన పగడం తెల్లగా పాలిపోయేది. గూడు చెదిరిన చేపపిల్లలు ఏడుస్తూ తలోదిక్కూ పోయేవి.

"అమ్మాయ్! షికారు నీది, కూలే కొంపలు మావి!" అని సింహాద్రి అరిచేవాడు. ఆవగింజంత గొంతు. పైకి వినిపిస్తేగా!

ఇలా ఉండగా ఒక వేకువన కూర్మమ్మ వచ్చింది. కూర్మమ్మ అంటే తాబేలు. ఆ స్వామి మనకోసం ఎత్తిన రూపం కదా, చూడగానే అసిరమ్మ పరుగున వచ్చి, దాని నుదుట పసుపూ కుంకుమా పెట్టి మొక్కింది.

"ఇలగొచ్చినావేటి తల్లీ? ఈ ఆయాసమేటి?"

"గుడ్లు పెట్టాలి అసిరమ్మా. ఏడు దీవుల వెనక ఈదాను, ఒక్కటీ నిలబడలేదు." కూర్మమ్మ ఇసుక మీద గడ్డం ఆనించింది. "పోయినేడు పెద్దదీవి మీద పెట్టాను. తిరిగొచ్చేసరికి దీవే లేదు. నా పిల్లలు ఏ నీళ్ళలో దిగారో, అసలు దిగారో లేదో, ఈనాటికీ తెలీదు."

బొంగరం ఉండబట్టలేకపోయింది. "నా ఇసుక మెత్తగా ఉంటుంది పిన్నీ. నా దగ్గర పెట్టుకో."

అసిరమ్మ పకపకా నవ్వింది. "దీనికాడ పెడతావా తల్లీ! ఇది గాల్లో దూదిపింజ!"

"ఉంటానంటున్నానుగా అత్తా! ఎప్పుడూ ఎగతాళేనా?"

కూర్మమ్మ నవ్వలేదు. "యాభై పొద్దులమ్మా. కదలకుండా ఉండాలి. గుడ్లను పొదిగేది నేను కాదు, నీ ఇసుక వెచ్చదనమే."

"ఇసుక మీద ఒట్టు!" అంది బొంగరం. దీవులకి ఇసుకే ఒళ్ళు. అంతకంటే పెద్ద ఒట్టు ఆ నీళ్ళలో లేదు.

కూర్మమ్మ గొయ్యి తవ్వి నూట పది గుడ్లు పెట్టింది. ఇసుక కప్పి, పొట్టతో మెత్తగా తట్టి, మేతకి దూరపు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అసిరమ్మ వలదారం ఒకటి తీసి, పొద్దు పొడిచినప్పుడల్లా ఓ ముడి వెయ్యడం మొదలుపెట్టింది.

పది ముళ్ళదాకా బాగానే గడిచింది. చేపలు కరకరా ఎండాయి. అసిరమ్మ కొబ్బరిబొండం పక్కన పెట్టుకుని తాటిబెల్లం ముక్క చప్పరిస్తూ, "బతికున్నాను గావాల, ఇన్నాళ్ళకి సుకపడ్డాను" అంది.

పదిహేనో ముడికి బొంగరానికి దురద మొదలైంది. కొబ్బరిమట్టలు విదిలించింది. ఇసుక ఇటునుంచి అటు జార్చింది. ఇరవయ్యో ముడికి, "అత్తా, ఇంకా ఎన్ని?" అంది. ఇరవై ఒకటో ముడికి మళ్ళీ, "ఇప్పుడెన్ని?"

"నిన్న ముప్పయ్యి. ఇయాల ఇరవై తొమ్మిది. ఊరుకో మరి."

ముప్పయ్యో ముడినాడు ఓ నీటికాకి వచ్చి కొబ్బరిచెట్టు మీద వాలింది.

"నువ్వేంటి, ఇంకా ఇక్కడే ఉన్నావు! ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది," అంది బొంగరం, పళ్ళు బిగబట్టి.

"దక్షిణాన ఏం జరుగుతోందో తెలుసా? నీళ్ళ మీద తెల్లటి కొండలు తేలుతున్నాయి! అచ్చం పటికబెల్లం గడ్డలే. ఆ చల్లగాలి ఒంటికి తగిలిందంటే... అబ్బ! నేను చెప్పలేను, నువ్వే చూడాలి." చెప్పాల్సింది చెప్పేసి, నీటికాకి ఎగిరిపోయింది.

పైన ఎండ పెనంలా కాలుతోంది. బొంగరం ఆలోచించింది. 'గుడ్లనేమైనా వదిలేసి పోతున్నానా? నాతోనేగా వస్తాయి! బిడ్డని చంకనేసుకుని తల్లి సంతకి పోదా? ఒక్క చల్లగాలి పీల్చుకుని వచ్చేస్తాను. పిన్నికి తెలియనే తెలియదు.'

దీవి కాబట్టి అలా అనుకుంది. వీపు మీద ఉన్నదేదైనా భద్రంగానే ఉంటుందని దీవుల నమ్మకం.

బయల్దేరింది. కింద ఫెళఫెళమని చప్పుడైంది. ఈ ముప్పై పొద్దులూ అది నిలబడి ఉంది కదా అని సింహాద్రి పురుగులు కష్టపడి మళ్ళీ మొదలుపెట్టుకున్న చిట్టి కొమ్మలన్నీ పోయాయి.

మూడు పొద్దులు ఈదాక తెల్లకొండలు కనిపించాయి. చల్లగాలి తగిలింది. బొంగరం కళ్ళు మూసుకుంది. ఆహా! ఒళ్ళంతా పటికబెల్లం చప్పరించినట్టుంది! ఇంకొక్క గాలి. ఇంకొక్కటి.

గుడిసెలోంచి అసిరమ్మ బయటికొచ్చింది, పాతచీర రెండు మడతలు కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ. తిడుతుందని బొంగరం కాచుకుంది. అసిరమ్మ తిట్టలేదు. గుడ్లున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుకకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏంటత్తా?"

"మొన్నటిదాకా లోపల సిన్నసిన్న సప్పుడు వినిపించీది. ఇప్పుడేటీ లేదు."

"నిద్రపోతున్నాయేమో?"

"ఇసక సల్లబడిపోనాది, బొంగరమా."

అంతే అంది. ఆమెది అంత మెల్లటి గొంతు బొంగరం ఎప్పుడూ వినలేదు.

గిర్రున వెనక్కి తిరిగింది. ఈదింది, ఈదింది, కొబ్బరిచెట్లు వెనక్కి వంగిపోయేలా ఈదింది. కానీ వెచ్చటి నీళ్ళు మూడు పొద్దుల దూరం. కదలని సముద్రం బంకమట్టిలా అడ్డుపడుతోంది. గుడ్లు అంతసేపు ఆగవు.

"గంగమ్మ తల్లీ!" అని పెద్దగా ఏడ్చింది.

ఎన్ని యుగాల నుంచో పడుకున్న తల్లి కళ్ళు తెరిచింది. "ఎవరే అది? ఓ, నువ్వా. నా ఒంటిమీద గీతలు గీస్తూ తిరిగేదానివి నువ్వేగా?"

"నేనే తల్లీ. తప్పు చేశాను. నన్ను వెచ్చటి నీళ్ళలోకి తోసెయ్యి, నీకు పుణ్యముంటుంది!"

"తొయ్యాలంటే కదలాలి కదే పిచ్చిదానా! నాకు కదలడం రాదు." తల్లి కాస్త ఆలోచించింది. "నీ దగ్గరున్న ఆ కుదురులేనితనం నాకివ్వు, కదులుతాను. కానీ ఇచ్చాక తిరిగి అడక్కూడదు. ఎక్కడ దింపితే అదే నీ చోటు. ఇక తలంటు లేదు, లవంగాల గాలి లేదు. ఎప్పటికీ."

పుట్టాక మొదటిసారి బొంగరం ఒక్క మట్టైనా విదిలించకుండా నిలబడింది. లవంగాల వాసన గుర్తొచ్చింది. లావుపాటి మబ్బు గుర్తొచ్చింది. ఇంకా చూడని చోట్లన్నీ ఒక్కసారిగా పిలిచినట్టయింది. తర్వాత తన ఇసుకని తను విన్నది. చప్పుడు లేదు.

"తీసుకో తల్లీ," అంది.

కొబ్బరిచెట్ల చివర్ల నుంచి ఓ వణుకు పుట్టింది. మాను వెంట దిగింది, ఇసుకలో పాకింది, ఒడ్డు దాకా వచ్చి చుక్కలు చుక్కలుగా నీళ్ళలోకి కారిపోయింది.

"అరెరె! ఇదేంటే! చీమలు పాకినట్టుందే!" అని గంగమ్మ ఒక్క ఉదుటున లేచింది. లోకంలో మొట్టమొదటి కెరటం అదే!

దూరాన ఈదుతున్న దీవులన్నీ హడలిపోయాయి. కెరటాల మీద ఈదడం వాటికేం తెలుసు? కెవ్వుమని అరిచి, ఎక్కడివక్కడే నేలని గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయాయి. అసిరమ్మ కొబ్బరిచెట్టుని కావలించుకుని, "ఓలమ్మో! ఓలమ్మో! నా గుడిసి!" అంటూనే ఉంది, వెచ్చటి నీళ్ళు వచ్చేదాకా.

కెరటం బొంగరాన్ని తీసుకొచ్చి పాతచోటే దింపింది. పొట్ట నేలకి ఆనింది. ఆనాక, ఇక లేవలేదని బొంగరానికి తెలిసిపోయింది.

"ఇక్కడేనా? ఖాయమా?" అడుగు నుంచి ఎవరో అన్నారు. ఆవగింజంత గొంతు దానికి మొదటిసారి వినిపించింది.

"ఖాయం మేస్త్రీ."

"మళ్ళీ లేవవుగా?"

"లేవలేను."

సింహాద్రి కూలిన తన గోడలకేసి చూశాడు, బొంగరం ముఖంకేసి చూశాడు. "సరే. ఆ కెరటాలు చూస్తే కుదురుగా ఉండేట్టు లేవు, నీ ఇసుకంతా ఎత్తుకుపోతాయి. ఒరేయ్, రండ్రా! చుట్టూ గోడ ఎత్తాలి!"

యాభయ్యో ముడినాడు కూర్మమ్మ కెరటాల మీద ఊగుతూ వచ్చింది. అది అడక్కముందే బొంగరం జరిగిందంతా చెప్పేసింది. కూర్మమ్మ గుడ్ల మీద ఇసుకకి తల ఆనించి పడుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అరిచినా బాగుండేది అనుకుంది బొంగరం.

యాభై ఒకటో ముడి. ఏమీ లేదు. యాభై రెండు. ఏమీ లేదు. కుదురులేనితనం ఇచ్చేసింది కానీ, గుబులు ఎవరికివ్వాలి? బొంగరం ఎండనంతా ఇసుకలోకి లాక్కుంది. మబ్బు వచ్చినా వద్దంది. యాభై అయిదో ముడికి అసిరమ్మ కూడా ఎవరి ముఖమూ చూడలేదు.

యాభై ఏడోది వేస్తూ వేస్తూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"సప్పుడు సెయ్యకండి!"

ఇసుక మీద చిన్న గుంట పడింది. గుంటలోంచి ఓ నల్లటి ముక్కు. ఆ వెనకే ఇంకోటి. తర్వాత ఇసుకంతా ఉడుకుతున్న గంజిలా కదిలింది! బొటనవేలంత తాబేళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళకేసి పరుగు తీశాయి. కెరటం ఒడ్డుదాకా వచ్చి, అరచేతిలోకి తీసుకున్నట్టు వాటిని తీసుకుంది.

అరవై ఏడు వచ్చాయి. మిగతావి రాలేదు. కూర్మమ్మ పొద్దు వాలేదాకా అక్కడే చూసింది. అసిరమ్మ ఆ ఇసుక మీద ఇంత పసుపు చల్లి, చేతులు జోడించింది.

నీళ్ళలోకి దిగబోతూ కూర్మమ్మ ఆగింది. "నా కూతుళ్ళు పెద్దయ్యాక గుడ్లు పెట్టాలంటే ఎక్కడికి రావాలి?"

"ఇక్కడికే పిన్నీ. నేనిక్కడే ఉంటాను."

ఈసారి కూర్మమ్మ ఒట్టు అడగలేదు. "వాళ్ళకి చెబుతాను," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఓ కెరటం ఉరుకుతూ వచ్చి బొంగరం కాళ్ళ మీద పడింది. పోతూ పోతూ ఒడ్డున ఏదో వదిలింది. చూస్తే, తడిసిన లవంగం మొగ్గ! బొంగరం గుండెనిండా వాసన పీల్చుకుంది. "వచ్చావా! కాసేపు కూర్చో," అంది.

కూర్చోవడమా! కెరటం అప్పటికే మలుపు తిరిగింది.

అప్పటినుంచే దీవులు ఉన్నచోటే ఉంటున్నాయి, వాటి చుట్టూ పగడపు గోడ లేస్తోంది. అప్పటినుంచే తల్లితాబేలు తను పుట్టిన ఇసుకనే వెతుక్కుంటూ వచ్చి, కంటనీరు కారుస్తూ గుడ్లు పెడుతోంది. అప్పటినుంచే సముద్రానికి కుదురు లేదు. పరుగున ఒడ్డుకొస్తుంది, ఓ గవ్వ చేతిలో పెడుతుంది, కూర్చోమనేలోపే వెనక్కి మళ్ళిపోతుంది.