తరుగు కింద పోయిన గుడ్డపేలికలు

ఉసేనప్పకు ఒకటే దిగులు. తొమ్మిదేళ్ళుగా ప్రతి గురువారం పెన్న దాటి దర్గాలో ఉండే బుడన్ పీరు దగ్గరికి పోతున్నాడు. తన వెనక వచ్చినవాళ్ళను కూడా పీరు చేతిలో చెయ్యి వేసి శిష్యులుగా తీసుకున్నాడు. ఉసేనప్పను మాత్రం "ఉండప్పా, ఉండు" అంటాడు. ఎన్నాళ్ళు ఉండాలో చెప్పడు.

మనిషి చెడ్డవాడా అంటే, అబ్బే, కాదు. పాత రాగి వ్యాపారం. కాటాలో మోసం లేదు, మాటలో మెలిక లేదు. అణాలు పోయి ముప్పై ఏళ్ళయినా, ఆ కాలపు రాగి బిళ్ళలు ఎవరి అటక మీద ఉన్నాయన్నా వెళ్ళి కిలోల లెక్కన కొనేవాడు. అరుదైనవి ఏరి, పాత నాణేలు కూడబెట్టే షోకున్నవాళ్ళకు అమ్మేవాడు. మిగతాది కరిగించే బట్టీకి పోయేది. కళ్ళు మూసుకుని వేలితో తడిమి బిళ్ళ ఏ ఏటిదో చెప్పగలడు. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే అన్నం సయించదు మహానుభావుడికి.

ఆ ఏడు దర్గా కప్పు కారుతోందని పెద్దలు లోపలున్న మూడు జాడీలను వేలం వేశారు. ఆ జాడీలకో కథ ఉంది. అక్కడివాళ్ళు దూరప్రయాణం పోతుంటే తల్లో పెళ్ళామో ఒక నాణేన్ని గుడ్డలో పెట్టి కుట్టి, కుడిచేతి దండకు కడతారు. ఇమాం జామీను అంటారు దాన్ని. క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు దండ మీది కట్టు విప్పి, కుట్టిన మూటను కుట్టినట్టే తెచ్చి జాడీలో వేసేవారు. ఉన్నవాళ్ళు వెండి రూపాయి కట్టేవారు, లేనివాళ్ళు పావు అణా రాగి కాణీ. అది లేనివాళ్ళ దర్గా. జాడీల నిండా కాణీలే.

ఇంటికి మిద్దె వేసుకుందామని దాచుకున్నదంతా పోసి మూడు జాడీలూ పాడుకున్నాడు ఉసేనప్ప.

గుడ్డతో తూకం వేస్తే బట్టీవాళ్ళు ఊరుకోరు. మట్టి, దారం, గుడ్డ, అన్నీ తరుగు కిందే తీసేస్తారు. అందుకని మొగుడూ పెళ్ళాం వారం రోజులు కూర్చుని కత్తెరతో ఆ మూటలన్నీ కోశారు. బిళ్ళలు బస్తాల్లోకి, పేలికలు గంపలోకి.

"ఆ గుడ్డలేం చేస్తావప్పా?" అని అడిగాడు పీరు, ఆ గురువారం దర్గాకు పోయినప్పుడు.

"చిల్లికాణీకి కొరగావు సామీ. పొయ్యిలోకే."

"కాల్చాకు. నాకు తెచ్చియ్యి. చలికాలం వస్తాంది, బొంత కుట్టుకుంటా."

పీరు దూదేకులాయన. బొంతలు కుట్టే బతికాడు, బతుకుతున్నాడు. ఉసేనప్ప నవ్వుకుంటూ గంప మోసుకొచ్చి ఆయన ముందు కుమ్మరించి పోయాడు.

మళ్ళీ గురువారం లారీ మాట్లాడుకుని, బస్తాలు ఎక్కించుకుని, దారిలో దర్గా ముందు ఆపించాడు. దీవెన తీసుకుని పోదామని. పీరు వసారాలో కూర్చుని కుడుతున్నాడు. బొంత అప్పటికే మోకాళ్ళ దాకా పరుచుకుంది.

"సామీ, పదకొండు బిళ్ళలు అరుదైనవి దొరికినాయి. పట్నంలో ఒకాయన ఎంతంటే అంత ఇస్తానన్నాడు. కళ్ళు మూసుకుని ఏరినా! మిగిలిందంతా ఉత్త రాగి." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఈ పొద్దన్నా నాకు చెయ్యిస్తారా సామీ?"

పీరు సూది చూపించాడు. "కండ్లు ఆనడంల్యా. దారం ఎక్కించప్పా."

ఉసేనప్ప కూర్చుని దారం ఎక్కించాడు. సూది తిరిగిస్తూ బొంత వైపు చూసినవాడు అట్లాగే ఉండిపోయాడు.

నీలి గళ్ళ పేలిక. బెత్తెడు కూడా లేదు. ఒక అంచు కత్తెరకు తెగింది, మూడు అంచుల నల్లదారం కుట్లు అట్లాగే ఉన్నాయి. అందరి కుట్లూ ఒక వైపుకు వాలితే, ఇవి రెండో వైపుకు వాలాయి. ఎడమచేతి కుట్లు.

అతని తల్లి మాబమ్మది ఎడమచేతి వాటం. అన్నం తప్ప అన్నీ ఆ చేత్తోనే.

పద్దెనిమిదో ఏట తను బొంబాయి మిల్లుకు పోతుంటే, కట్టుకున్న చీర కొంగు చించి, చిల్లికాణీ అయితే నడుమ చిల్లి ఉంటుంది, దారం దూరుతుంది, జారిపోదని ఏరి మరీ కుట్టింది. మూడేళ్ళు జాబు లేదు, జవాబు లేదు. తిరిగొచ్చిన రోజు కొడుకును ఇంట్లోకి కూడా రానివ్వకుండా, వాకిట్లోంచి అట్నుంచటే దర్గాకు నడిపించింది. చెప్పుల్లేని కాళ్ళతో, ఎర్రటి ఎండలో. ఆ మూట తన చేత్తోనే జాడీలో వేసింది. తర్వాత రెండేళ్ళకే పోయింది. ఆమె ఫోటో లేదు, చీర లేదు, గాజుముక్క లేదు. అమ్మ గుర్తుగా ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదే అని ఉసేనప్ప ఎన్నిసార్లో ఏడ్చాడు.

"సామీ... ఇది మా యమ్మ కుట్టింది."

పీరు కుట్టడం ఆపాడు. వంగి ఆ పేలికను చూశాడు. వేలితో మెల్లగా సాపు చేశాడు.

"అట్లనా! అయితే దీంట్లోని కాణీ ఉంటాది గదప్పా. అదొక్కటీ తీసి పక్కన పెట్టుకో. మిగతాది బట్టీకి తోలు."

ఉసేనప్ప పరుగున పోయి బస్తా దింపించాడు. మూతి విప్పి, గుప్పెడు తీశాడు. చిల్లికాణీ. ఇంకొకటి. ఇంకొకటి. కళ్ళు మూసుకుని తడిమాడు. ప్రతి బిళ్ళా తను ఏ ఏటిదో చెప్పింది. అంతకు మించి ఒక్కటీ నోరు విప్పలేదు. రెండో బస్తా దింపించాడు. మూడోది దింపించాడు. వసారా అంతా రాగి. పట్నం ఆయనకోసం జేబులో దాచిన పదకొండూ తీసి చూశాడు. అవీ అంతే. వేళ్ళు పచ్చగా చిలుమెక్కాయి.

డ్రైవరు హారను కొట్టాడు. "ఏం పెద్దాయనా, పోదామా వద్దా? అక్కడ బట్టీ కట్టేస్తారు!"

ఉసేనప్ప తల ఎత్తలేదు. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోనూ లేదు. జేబులోంచి బాడుగ తీసి డ్రైవరు వైపు చాచాడు.

"నువ్వు పో నాయనా. సరుకు లేదు."

లారీ పోయింది. పోసిన బిళ్ళలు మళ్ళీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. చివరికి ఒక కాణీ తీసుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, ఆ నీలి గళ్ళ పేలిక మీద పెట్టాడు.

"ఇదో కాదో తెలీదు సామీ. ఏది ఏ తల్లి కట్టిందో... యాడ తెలుస్తుంది?"

పీరు చాప మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. గంపలో ఇంకా పేలికలు మిగిలాయి.

"ఇంకో సూది ఉంది. దారం ఎక్కించుకో" అన్నాడు.