తొమె కట్ట

అనగనగా తూర్పు సముద్రాలకు అవతల, జపాను దేశపు కొండల్లో ఒక ఊరు. ఈ కథ జరిగిన ఏడు ఎవరికీ గుర్తులేదు గాని రోజూ వేళా గుర్తున్నాయి. మన లెక్కలో చైత్ర బహుళ చవితి, గురువారం, బారెడు పొద్దెక్కిన వేళ. ఆ వేళ తొమె అనే ముసలమ్మ తన ఇంటిమీదికెక్కి కప్పుగడ్డి పీకడం మొదలుపెట్టింది.

కింద కోడలు సవ లబోదిబోమంది. "అత్తా! మతిగాని పోయిందా? కొత్త కప్పు!"

కొత్తదే. ఎన్నో వానాకాలాలు కారే చోటల్లా గిన్నెలు పెట్టుకుని పడుకున్నాక నిరుడే కప్పించుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే.

ఎందుకు పీకిందంటే, ఆ ఊరి పంట మచ్చా. అది మనం కాచి వడకట్టుకునే టీ కాదు. ఆకునే పిండి చేసి, వేడినీళ్ళలో గిలక్కొట్టి, ఆకుతో సహా తాగేస్తారు. అందుకే ఆకులో దోషం ఉంటే దాచడానికి వీల్లేదు. కోతకు ముందు కొన్నాళ్ళు తోటమీద గడ్డిపందిరి వేస్తారు. నీడలో పెరిగితే ఆకు తియ్యన. ఎండ తగిలిందా, చేదు.

ఏటా కొత్త ఆకు తొలి గిన్నె కొండమీది బుద్ధుడి గుడికి వెళ్ళేది. ఏడాదికొక ఇంటి వంతు. స్వామి ముందు పెట్టాక గుడి సన్యాసినమ్మ తాగేది. గిన్నె ఖాళీ అయితే ఆ ఇంటికి గౌరవం. మిగిలితే తలవంపు. తొమె కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో వాళ్ళ గిన్నెలో గుక్కెడు మిగిలింది. ఆ చిన్నతనంతోనే ఆమె అత్త కన్నుమూసింది. మళ్ళీ వంతు వచ్చేసరికి తొమె నడుం వంగిపోయింది.

సరిగ్గా అప్పుడే గాలివాన వచ్చి వాళ్ళ పందిరిగడ్డినంతా ఏట్లో కలిపేసింది.

సవ మూడిళ్ళకు వెళ్ళి అడిగింది. "ఉన్నదంతా మా తోటమీదే ఉంది తల్లీ" అంది మొదటి ఇల్లు. "మాకే చాలలేదు తల్లీ" అంది రెండో ఇల్లు. మూడో ఇంటి అరుగుమీద ముసలాయన నవ్వాడు. "మీ గిన్నె ఎలాగూ మిగిలేదేగా! ఆ వంతేదో మాకిచ్చెయ్యండి."

సవ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆ మాట చెప్పింది. తొమె తిన్నగా ఇల్లెక్కింది.

"నెత్తిమీది కప్పు తీసి చెట్లకు కప్పుతావా అత్తా?"

"మనం తడిస్తే తుడుచుకుంటాం. ఆకుకు తగిలిన ఎండ దేంతో తుడుస్తావే?"

"వాన వస్తే?"

"తడుస్తాం."

"జనం నవ్వితే?"

"నవ్వుతారు."

"నీకేమన్నా అయితే?"

"అయ్యాక చూద్దాం. ముందు ఈ కట్ట అందుకో. పైపొరే తీస్తున్నా, కిందిదానికి పొగవాసన. ఆకుకు పట్టేస్తుంది."

వాన రానే వచ్చింది. తోట పందిరి కింద చల్లగా ఉంది. తొమె ఇంట్లోనే చిరుగుల గొడుగు కింద తడిసి దగ్గు తెచ్చుకుంది.

కోతలొచ్చాయి. "కొనలేతాకే కొయ్యి. ముదురాకు మొహమాటానిక్కూడా వద్దు" అని తొమె పడకమీంచే చెప్పింది. సవ అలాగే కోసింది. ఆవిరిపట్టింది, ఆరబెట్టింది, కాడలూ ఈనెలూ ఏరేసింది. ఆత్రంగా తిరగలి తిప్పబోతే మళ్ళీ గొంతు వినిపించింది. "నెమ్మదే! రాయి వేడెక్కితే రంగు పోతుంది. పసిబిడ్డ ఉయ్యాల ఊపినట్టు తిప్పు."

పిండిని తొమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వేళ్ళమధ్య రుద్దింది, గంధంలా జారింది. వాసన చూసింది. "వెళ్ళు" అంది.

గుడిలో సవ మరిగిన నీళ్ళను కాస్త చల్లారనిచ్చి పిండిమీద పోసింది. సన్నటి వెదురు కవ్వంతో లేతాకుపచ్చ నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. స్వామికి దణ్ణం పెట్టి సన్యాసినమ్మ గిన్నె ఎత్తింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. రెండో గుక్క తాగింది. మూడో గుక్క తాగి గిన్నెను అరచేతిలో బోర్లించింది. చుక్క రాలలేదు.

ఆ గిన్నె పట్టుకుని సవ కొండ దిగి పరుగెత్తింది.

"ఖాళీయేనా?" అంది తొమె.

"ఖాళీ అత్తా!"

తొమె గిన్నె అడుగున వేలు పెట్టి తిప్పి చూసుకుంది. "మా అత్తకు చెప్పాలి" అని నవ్వింది. పొద్దుగూకేవేళకు కన్నుమూసింది. కప్పులోంచి ఆకాశం కనిపించే ఇల్లు కదా, ప్రాణం తిన్నగా స్వామి దగ్గరికే వెళ్ళిందంటారు ఆ ఊరివాళ్ళు.

ఇప్పటికీ అక్కడ ప్రతి ఇంటి చూరుకూ ఒక శుభ్రమైన గడ్డికట్ట వేలాడుతుంది. దాన్ని సొంతానికి వాడుకోరు. ఎవరి పందిరికి తక్కువైతే వాళ్ళకిస్తారు. దాని పేరు తొమె కట్ట. పిల్లనిచ్చేవాళ్ళు ముందు చూరు చూస్తారు, తర్వాతే వరుణ్ణి చూస్తారు.

అది ఎలా మొదలైందంటే, తొమె పోయిన మర్నాడు పొద్దున్నే ఆ మూడిళ్ళవాళ్ళూ కోతలయ్యాక విప్పిన పందిరిగడ్డి మోసుకొచ్చారు. అరుగుమీది ముసలాయన అందరికంటే ముందొచ్చాడు. సవ మొదటి కట్టను కప్పుకు వెయ్యనివ్వలేదు. "ఇది మాది కాదు తాతా, అవసరమైనవాళ్ళది" అని చూరుకు కట్టేసింది. మిగతా గడ్డితో మధ్యాహ్నంలోగా ఇల్లు కప్పేశారు. ఆడవాళ్ళు ఇళ్ళనుంచి గంజి తెచ్చారు. తొమె పేరు చెప్పి దణ్ణం పెట్టుకుని, ఆ నీడలో కూచుని అందరూ తాగారు.