విక్టర్ సార్ చొక్కా గుండీ

రాష్ట్ర జట్టు ఎంపికకు ముందు అమ్మాయిలందరికీ వైద్య పరీక్షలు జరుగుతున్నాయి. వికెట్ కీపర్ తస్లీమా మాత్రం వెళ్లలేదు. క్యాంపు హాస్టల్ వెనక మెట్ల మీద కూర్చుని, కుడి చూపుడు వేలికి టేపు చుట్టుకుంటోంది.

పోయిన వారం ప్రాక్టీసులో బంతి ఆ వేలి కొనకు తగిలింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి చేతిలో పడ్డ క్యాచులు కూడా జారిపోతున్నాయి. నిన్న మరొకటి వదిలేసింది.

"ఏంటే, గ్లవ్స్‌కి నూనె రాసుకొచ్చావా?" అని స్లిప్‌లోంచి ప్రణీత అరిచింది. అందరితోపాటు తస్లీమా కూడా నవ్వింది.

డాక్టరు చూస్తే ఆడొద్దంటాడు. ఇన్నాళ్ల కష్టం అక్కడితో సరి. అదీ ఆమె భయం.

కోచ్ విక్టర్ సార్ ఆమెను వెతుక్కుంటూ అక్కడికే వచ్చారు. ఒకప్పుడు ఆయనా వికెట్ కీపరే. ఆయన వేళ్లు ఒక్కోటి ఒక్కో పక్కకి తిరిగిపోయి ఉంటాయి. టీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని తాగుతారు. చొక్కా పై గుండీ ఆయనకు పెట్టుకోవడం కుదరదు. క్యాంపులో చేరినప్పటి నుంచీ పొద్దున్నే గ్రౌండుకి రాగానే ఆ గుండీ పెట్టడం తస్లీమా పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టేది. ఈ వారంగా మాత్రం ఆలస్యమైందంటూ దూరం నుంచే నమస్కారం పెట్టి వెళ్లిపోతోంది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నాను సార్."

"డాక్టరు దగ్గరికి వెళ్లలేదట?"

"నాకేం సార్, బాగానే ఉన్నాను. సెలక్షన్ అయిపోయాక చూపించుకుంటాను."

ఆయన ఆమెకంటే కింది మెట్టు మీద కూర్చుని, ఆమె వైపు తిరిగి గడ్డం పైకెత్తారు.

"గుండీ పెట్టు. వారం నుంచి పెట్టకుండానే ఉంది."

"ప్రణీతను అడగకపోయారా సార్?"

"తనే వచ్చింది పెడతానని. నాకు పెట్టే మనిషి ఉందని పంపేశాను."

తస్లీమా ముందుకు వంగింది. బొటనవేలు, టేపు చుట్టిన వేలు కలిపి గుండీ పట్టుకుంది. వేలు వంగలేదు. గుండీ జారింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ తొందరపెట్టలేదు. గడ్డం ఎత్తి, ఆకాశం వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.

చివరికి ఆమె చేతులు ఒళ్లో పడ్డాయి.

"సెలక్షన్ అయ్యాక చూపించుకుంటానని అప్పట్లో నేనూ అన్నాను" అన్నారాయన.

"సెలెక్ట్ అయ్యారా సార్?"

"అయ్యాను. ఒక్క మ్యాచే ఆడగలిగాను."

తస్లీమా ఆయన చేతుల వైపు చూసింది. రోజూ చూసే చేతులే. చాలాసేపు చూసింది. తర్వాత తన వేలికున్న టేపు కొస పట్టుకుని, చుట్టు చుట్టుగా విప్పేసింది. వేలు వంకాయ రంగుకి తిరిగి ఉంది.

సార్ లేచి ఆమె కిట్ బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. ఇద్దరూ డాక్టరు గది దాకా నడిచారు. గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"సార్, గుండీ..."

"ఉండనీ తల్లీ. నయమయ్యాక పెడుదువుగానీ."